ఇవ్వగలిగినవాడి తృప్తి

ఈ సాయంత్రం నేను స్మరించదలచిన మనిషి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళైలో పుట్టిన ఆయన 1945 జనవరి 1న మన దోర్నకల్‌లో కన్నుమూశారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ గౌరవం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, అక్కడ నేను ఆగను. 1909లో ఇక్కడ స్థిరపడింది మొదలు చనిపోయేదాకా, ముప్పై ఐదేళ్లకు పైగా ఈ గడ్డ మీద ఆయన చేసిన పనిలో ఒక పాత ప్రశ్నకు జవాబు ఉంది. క్రీస్తును నమ్మినవాడికి దొరుకుతుందని మనం చెప్పుకునే తృప్తి అసలు ఎలాంటిది? ఉన్నదాంతో సరిపెట్టుకోవడమేనా? అడిగినదల్లా దొరకడమా? ఆ రెండింట్లో ఏదీ కాదని నా వాదన. తనకేమీ లేదని ఊరంతా తీర్మానించిన మనిషి, తన దగ్గర కూడా ఇవ్వదగినది ఉందని తెలుసుకున్నప్పుడు పుట్టే నిండుదనమే అది. దోర్నకల్ చరిత్ర ఈ మాటకు సాక్ష్యం చెబుతుంది.

తృప్తి అనే విషయం ఈ నేలకు క్రైస్తవులు తెచ్చిన కొత్త సంగతేమీ కాదు. పోతన పుట్టిన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వకుండా నాగలి పట్టి బతికాడని తరతరాలుగా జనం ఆయన గురించి చెప్పుకుంటారు. ఆ కథలో కనిపించేది గొప్ప తృప్తి. రాజు ఇస్తానన్నది వద్దనగలగడమే దాని బలం. అయితే వద్దనడానికి కూడా కాళ్ల కింద కొంత నేల ఉండాలి. దున్నుకోవడానికి చెలక, నోట పద్యం, నలుగురిలో పేరు ఉన్నవాడు రాజుకు ఎదురు చెప్పగలడు. అదే పాలకుర్తి చుట్టుపక్కల కొన్ని శతాబ్దాల తర్వాత విసునూరు దేశ్‌ముఖ్ గడి కింద వెట్టి చేసినవాళ్ల మాటేమిటి? చెప్పులు కుట్టి దొరకు ఊరికే ఇచ్చినవాడు, చచ్చిన గొడ్డును మోసినవాడు, కబురు వస్తే అర్ధరాత్రి కూడా పక్క ఊరికి పరుగెత్తినవాడు, నీ బాంచెన్ కాల్మొక్త అనడం తప్ప దొర ముందు మరో మాట నేర్వనివాడు, వీళ్లకు వద్దనే హక్కు ఎక్కడిది? వాళ్లు ఇచ్చినదంతా లాక్కున్నదే, అందుకున్నదంతా విదిలించినదే. అలాంటి మనిషికి తృప్తిగా ఉండమని ఎవరైనా బోధిస్తే అది దొర తరఫు మాట అవుతుంది. 1946 జులై 4న కడవెండిలో దొరతనాన్ని ఎదిరించిన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటికి ఆ మాటను జనం పూర్తిగా తిరస్కరించారు. పాలకుర్తి ఐలమ్మ తన పంటను తానే ఇంటికి చేర్చుకుంది. వాళ్లది సరైన తిరస్కారమే. కాబట్టి క్రైస్తవ తృప్తిని సమర్థించే ఎవరైనా ముందు ఈ పరీక్షకు నిలబడాలి. గడి ముందు నిలబడ్డ మనిషికి చెప్పదగిన మాటేనా ఇది?

అపొస్తలుడైన పౌలు తృప్తి గురించి రాసిన ప్రసిద్ధమైన మాటలు ఫిలిప్పీ సంఘానికి పంపిన లేఖ చివరి అధ్యాయంలో ఉన్నాయి. మన ఇళ్లల్లో గోడల మీద, క్యాలెండర్ల మీద ఆ మాటలు కనిపిస్తాయి. వాటి సందర్భం మాత్రం గోడ మీదికి రాలేదు. పౌలు అప్పుడు బందీగా ఉన్నాడు. ఫిలిప్పీవాళ్లు అతనికి ఎపఫ్రొదితు చేత కానుక పంపారు. ఆ కానుక ముట్టిందని తెలియజేస్తూ, కృతజ్ఞత చెప్పే పేరాలోనే తృప్తి ప్రస్తావన వస్తుంది. కలిమిలోనూ లేమిలోనూ ఎలా ఉండాలో నేర్చుకున్నానని చెప్పిన మనిషి, మరుక్షణమే, మీరు నా కష్టంలో పాలుపంచుకున్నది మంచి పని అంటాడు. ఫిలిప్పీ ఉన్నది మాసిదోనియలో. ఆ మాసిదోనియ సంఘాలు ఎంత పేదవో కొరింథీయులకు రాసిన రెండో లేఖలో పౌలే చెప్పాడు. కటిక దరిద్రంలో ఉండి కూడా, మాకూ ఇచ్చే అవకాశం కల్పించమని వాళ్లు బతిమాలారట. ఆ కాలపు స్తోయికుల బోధలో తృప్తి అంటే ఎవరి మీదా ఆధారపడకపోవడం, సుఖానికీ దుఃఖానికీ చలించకపోవడం. పౌలు తృప్తి అలాంటి ఒంటరి నిబ్బరం కాదు. తనకు శక్తినిచ్చే క్రీస్తు ఒక పక్క, బంధకాల్లో ఉన్న తనను గుర్తుపెట్టుకున్న పేదల సంఘం మరో పక్క ఉన్నాయి. ఈ రెండింటిని తీసేసి తృప్తిని మాత్రమే బోధించిన ప్రతిసారీ మనం ఆ లేఖకు అన్యాయం చేశాం.

దోర్నకల్ మిషన్ పుట్టుకలోనే ఈ సత్యం కనిపిస్తుంది. 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దానికి డబ్బు లండన్ నుంచీ రాలేదు, న్యూయార్క్ నుంచీ రాలేదు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవుల చందాలతో అది నడిచింది. వాళ్లలో ఎక్కువమంది తాటిచెట్లు ఎక్కి కల్లు, బెల్లం తీసే నాడార్ల వంశాలవాళ్లు, ఒకనాడు గుడి వీధుల్లో అడుగుపెట్టనివ్వని కులం వాళ్లు. తమ సొంత రాష్ట్రం కాదు, తమ భాష కాదు. నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకాను వాళ్లు తమ సేవాక్షేత్రంగా ఎంచుకున్నారు. 1904లో శామ్యూల్ పాకియనాథన్‌ను మొదటి మిషనరీగా పంపారు. 1909లో అజరయ్యే స్వయంగా వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన్ను బిషప్పుగా అభిషేకించారు. ఈ మధ్యలో, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం చాలామందికి ఇబ్బంది కలిగించింది. మిషనరీలు ఎంతో ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, కానీ మాతో స్నేహం మాత్రం చేయలేకపోయారన్నది అందులోని ఆవేదన. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే మిగిలిపోవడం ఎంత అవమానమో ఆయనకు తెలుసు. అందుకే తన చేతికి అధికారం వచ్చాక ఆయన మానుకోట పల్లెల్లోని మాలమాదిగలతో అదే తప్పు చేయలేదు.

ఆయన చేసిన పని చూడటానికి చిన్నది. సంఘంలో చేరిన పేదవాడిని మొదటి రోజు నుంచీ ఇచ్చేవాడిగా లెక్కగట్టారు. కూలికి పోయి వచ్చిన తల్లి పొద్దున వండుకునే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కోసం వేరే కుండలో వేయాలి. కోత పండుగకు జొన్నలు, కోళ్లు, గుమ్మడికాయలు, చేతనైతే రూపాయి, ఏది ఉంటే అది తెచ్చి బలిపీఠం ముందు పెట్టాలి. వాటిని వేలం వేసి వచ్చిన డబ్బుతో పంతులుకు జీతం ఇవ్వాలి. పేదరికం కారణంగా ఎవరినీ ఈ బాధ్యత నుంచి మినహాయించరాదని తన ‘క్రిస్టియన్ గివింగ్’ పుస్తకంలో ఆయన గట్టిగా వాదించారు. ఇది ఇవాళ వినేవాళ్లకు కఠినంగా తోచవచ్చు. తిండికి లేనివాడి దగ్గర పిడికెడు తీసుకోవడం ఏమిటని అడగవచ్చు. వెట్టి ఎరిగిన మనిషి వైపు నుంచి చూస్తే సంగతి వేరు. అతని దగ్గర బియ్యం, కోడి, చెప్పులు, చెమట తీసుకున్నవాళ్లు అంతకుముందూ ఉన్నారు, వాళ్లెవరూ అతన్ని అడగలేదు. అడిగి, అతని చేత్తో ఇప్పించి, పేరు చదివి, అతను ఇచ్చినదానితో అతని బిడ్డకే అక్షరాలు నేర్పిన చోటు ఆ పూరి గుడి ఒక్కటే. అక్కడ ఆ మనిషి మొదటిసారి తన ఇష్టంతో ఇచ్చాడు. వద్దనే హక్కు లేని చోట ఇచ్చినదానికి విలువ లేదు కనుక, ఇవ్వడంతో పాటే వద్దనడమూ అతనికి వచ్చింది.

వద్దన్నవి చాలానే ఉన్నాయి. చచ్చిన పశువు మాంసం తినబోమన్నారు. జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం ఆరాధన వేళకు పొలం పనికి రాలేమన్నారు. ఈ మూడు తిరస్కారాలూ గ్రామ వ్యవస్థను కదిలించేవే. అందుకే భూస్వాముల నుంచి తిట్లు, దెబ్బలు, కూలి ఆపేయడాలు ఎదురయ్యాయి. సరిపెట్టుకోవడం నేర్చినవాళ్లకు ఇవన్నీ ఎందుకు? అజరయ్య బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త విశ్వాసుల చేత వాళ్ల చేతులు వాళ్ల తలల మీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు అన్న మాటను తమ మాటగా పలికించేవారని ఆయన చరిత్రకారులు రాశారు. బడి మొహం చూడని పాలేరు అప్పటికప్పుడే ఊరికి ఏదో చెప్పవలసిన మనిషి అయ్యాడు. వాళ్ల జీవితాల్లో వచ్చిన మార్పు చూసి 1920లు, 30లలో శూద్ర కులాల కుటుంబాలు కూడా సంఘం వైపు నడిచాయి. ఇది అజరయ్యకు చాలా ముఖ్యంగా తోచిన సంగతి, నాకూ అంతే. అంటరానివాళ్లుగా ఊరి బయట నిలబెట్టినవాళ్ల దగ్గర ఊరివాళ్లు నేర్చుకోవడానికి వచ్చారంటే, వాళ్ల దగ్గర అడిగి పుచ్చుకోదగినది ఏదో ఉందని ఊరు ఒప్పుకున్నట్టే. కృష్ణా, గోదావరి ప్రాంతాల మిషన్లు కూడా కలిసిన తర్వాత, 1940ల మొదట్లో దోర్నకల్ డయాసిస్ సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇక్కడ అందరికన్నా గట్టి అభ్యంతరం మహాత్మా గాంధీది. 1936, 37 సంవత్సరాల్లో ‘హరిజన్’ పత్రికలోనూ, మిషనరీ నాయకులతో సంభాషణల్లోనూ సామూహిక మతాంతరాలను ఆయన తీవ్రంగా విమర్శించారు. ఆత్మ సంగతులు తూచి తేల్చుకునే స్థితిలో హరిజనులు లేరనీ, బడి, వైద్యం, తిండి ఆశ చూపి వాళ్లను కలుపుకుంటున్నారనీ ఆయన భావం. గాంధీగారి ఉద్దేశాన్ని శంకించే పని నాకు లేదు. కానీ ఆ మాటలోని మొదటి సగాన్ని నేను ఒప్పుకోలేను. తెలుగు మాదిగల క్రైస్తవ చరిత్ర మొదట్లో నిలబడే మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే ఆ మాదిగ, క్రీస్తు పేరు వినకముందే రాజయోగ సాధన చేసి, గురువును సేవించి, ఆత్మశాంతి కోసం వెతికినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఒంగోలు మిషన్‌కు పునాది రాయి అయ్యాడు. పేదవాడికి ఆకలే తప్ప ఆత్మ ఉండదనుకోవడమే అతనికి జరిగిన అతి పెద్ద అవమానం. తిండి ఆశ గురించి కూడా ఒక సంగతి గుర్తుచేస్తాను. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కల్పించి వేలమందిని బతికించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, గంజికోసం మతంలో చేరారన్న మాట పడకూడదనే, కరువు సహాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిసిన తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అలా అని వచ్చినవాళ్లందరూ ఆత్మ దాహంతోనే వచ్చారని చెప్పడం నిజం కాదు. దొర దెబ్బల నుంచి రక్షణ కావాలని వచ్చారు, బిడ్డకు బడి కావాలని వచ్చారు, బంధువులు వచ్చారు కాబట్టి వచ్చారు. అమెరికన్ మెథడిస్టు జె. వాస్కమ్ పికెట్ 1930ల మొదట్లో దేశంలోని సామూహిక ఉద్యమాలను ఊరూరా తిరిగి పరిశీలించాడు. ఆ పరిశీలనలో దోర్నకల్ డయాసిస్ ప్రాంతం కూడా ఉంది. 1933లో వచ్చిన ఆయన నివేదిక ఈ కారణాలన్నింటినీ దాచకుండా చెబుతుంది. తేలినదేమంటే, ఒక మనిషి ఏ కారణంతో సంఘంలో చేరాడన్నదానికన్నా చేరాక అతనికి ఏమి నేర్పారు, ఎంత శ్రద్ధగా నేర్పారు అన్నదే అతని తర్వాతి జీవితాన్ని నిర్ణయించింది. దీన్ని నేను చాలా విలువైన సాక్ష్యంగా భావిస్తాను. బిడ్డ చదువు కోసం ఒక తండ్రి గుడి తలుపు తట్టడంలో నీచమేముంది? ఆ తలుపు లోపల అతనికి ప్రార్థన నేర్పారా, లేక అర్జీ రాయడం మాత్రమే నేర్పారా అన్నది సంఘాన్ని అడగవలసిన ప్రశ్న.

ప్రార్థన మాట వచ్చింది కాబట్టి ఇంతవరకు నేను పక్కన పెట్టినదాని దగ్గరికి వస్తాను. గౌరవం, బడి, తిరస్కార బలం, ఇవన్నీ ఒక సంఘసంస్కరణ సంస్థ కూడా ఇవ్వవచ్చు. విశ్వాసం ఇచ్చేది ఇంతేనా? ఇవ్వగలిగే మనిషి ముందు తాను పొందినవాడు. సువార్త చెప్పే మొదటి సంగతి, నువ్వు ఏమీ తేకముందే దేవుడు నీకోసం తన్ను తాను ఇచ్చుకున్నాడని. అది విదిలింపు కాదు, ఎందుకంటే ఇచ్చినవాడు కొంత దాచుకుని ఇవ్వలేదు, తనకే గాయమైంది. ఈ మాట దొర విదిలింపులు తప్ప ఎరగనివాడి చెవిలో పడినప్పుడు ఏం జరిగిందో మన కీర్తనల్లో వినిపిస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలుకొని మన కీర్తనకారులు రాసిన పాటలు కర్ణాటక రాగాల్లో, తెలుగు నుడికారంలో, చదువు రాని నాలుకల మీద కూడా నిలిచాయి. వాటిలో కోరికల చిట్టా కనబడదు. ఆశ్చర్యం కనబడుతుంది. ఇంతటివాడు నా దగ్గరికి వచ్చాడా అన్న ఆశ్చర్యం. ప్రభు రాత్రి భోజనంలో ఒకే పాత్ర అందరి పెదవులకూ అందడం అజరయ్యకు ఎందుకు అంత ముఖ్యమైందో ఇందుకే అర్థమవుతుంది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినార్లు, క్రైస్తవ సిలువ ఒక్క కట్టడంలో కలిశాయి. ఈ నేల మీద భక్తిగా బతికిన అందరి పనితనాన్నీ కానుకగా తీసుకున్న కట్టడం అది.

ఇప్పటి పరిస్థితి చూస్తే నాకు బాధ కలుగుతుంది. టీవీ చానళ్లలో, పెద్ద పెద్ద స్వస్థత కూటముల్లో వినిపించే సాక్ష్యాల్లో వీసా, ఉద్యోగం, ఇల్లు, కారు తప్ప మరొకటి అరుదు. కానుకను విత్తనం అంటున్నారు. ఇంత వేస్తే ఇన్ని రెట్లు వస్తుందంటున్నారు. పిడికెడు బియ్యం తీసిన తల్లి, అది తిరిగి బస్తాగా వస్తుందని తీయలేదు. తిరిగి వస్తుందని ఇచ్చినది పెట్టుబడి అవుతుంది, పెట్టుబడి పెట్టినవాడికి నిద్ర ఉండదు. రాబడి రాకపోతే అతని విశ్వాసమే తక్కువని బోధకుడు చెబుతాడు, అప్పుడు పేదవాడి నెత్తిన పేదరికంతో పాటు పాపభారం కూడా పడుతుంది. ఆదాయం పెరిగితే తృప్తి దానంతటదే వస్తుందన్నది నిజమే అయితే భూపాలపల్లి కాలనీల్లో అది ఎప్పుడో నిండిపోయి ఉండాలి. నెలజీతం, దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ అందుకునే సింగరేణి కుటుంబాలు మన చుట్టూ కూలి కుటుంబాలకన్నా ఎంతో మెరుగ్గా ఉన్నాయి. అది వాళ్ల కష్టార్జితం, పోరాడి సాధించుకున్న హక్కు, ఇంకా పెరగాలి. అయినా ఆ ఇళ్లల్లోనూ అప్పు ఉంది, తాగుడు ఉంది, పోల్చుకోవడం ఉంది. లేమి తీరడం వేరు, మనసు నిండడం వేరు. మొదటిది అందరికీ కావాలి. రెండోది దానితో పాటు తప్పక వస్తుందని మాత్రం సంఘం హామీ ఇవ్వకూడదు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే తప్పు ఇంకా ప్రమాదకరం. 1997-98లో పురుగు పడి పత్తి పోయినప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతులు పురుగుమందు తాగి వరసగా చనిపోయారు. అప్పు ఇచ్చినవాడే మందు అమ్మాడు, వాడే పత్తి కొన్నాడు, బ్యాంకు తలుపు మూసి ఉంది. జనగామ చెలకల్లో ఆ చక్రం నేటికీ పూర్తిగా ఆగలేదు. అలాంటి ఇంటికి వెళ్లి తృప్తి కలిగి ఉండమని వాక్యం చదివితే అది క్రూరత్వమే. ఫిలిప్పీవాళ్లు బందీగా ఉన్న పౌలుకు తృప్తి గురించి ప్రసంగం పంపలేదు, మనిషి చేతికి కానుక ఇచ్చి పంపారు. తృప్తి గురించి మాట్లాడే హక్కు లేమిలో ఉన్న పౌలుదే, అతనికి కావలసినది మోసుకుపోవడం సంఘం పని. మన సంఘాల్లో ఈ వరస తారుమారైంది. అప్పుల్లో ఉన్నవాడు సిగ్గుతో ఆదివారం ఆరాధన మానేస్తున్నాడంటే, అతను ఏమీ తేలేని రోజున కూడా రాదగిన చోటుగా గుడిని మనం నిలబెట్టలేదని అర్థం.

సంఘంలో కులం గురించి మాట్లాడకుండా ఈ వాదన ముగించలేను. ఒక్క పాత్రలో తాగినవాళ్లు ఒక్క కంచంలో తినలేదు. మాలల సంఘం, మాదిగల సంఘం అన్న విభజన అనేక చోట్ల నిలిచిపోయింది, పెళ్లి సంబంధాల దగ్గర అయితే మరీ. అజరయ్య జీవితాంతం దీనితో పోరాడారు, పూర్తిగా గెలవలేదు. దానికి తోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవ దళితులు బయటే ఉండిపోయారు. ఫలితంగా మన ప్రాంతంలో ఎంతోమంది విశ్వాసులు ఆదివారం ఒక పేరుతో, మండల ఆఫీసులో మరో పేరుతో బతుకుతున్నారు. హక్కు కోసం విశ్వాసాన్ని దాచుకోవలసిన స్థితి మనిషిని లోపల రెండుగా చీలుస్తుంది. ఆ చీలికలో తృప్తి నిలవదు. ఈ హోదా విషయం పరిశీలించడానికి 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసినప్పుడు, మనకు పరలోక పౌరసత్వం ఉంది, ఈ లోకపు కాగితాలతో పనేమిటని అన్న బోధకులూ ఉన్నారు.

వాళ్లకు జవాబు కూడా ఫిలిప్పీలోనే ఉంది. తృప్తి గురించి తర్వాత ఏ ఊరి సంఘానికి రాశాడో ఆ ఊళ్లోనే పౌలును, సీలను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఈ కథ ఉంది. అర్ధరాత్రి వాళ్లు బొండలో కాళ్లు ఉండగానే కీర్తనలు పాడారు. ఆ భాగం మనకు బాగా జ్ఞాపకం. తెల్లవారాక అధికారులు, గొడవ లేకుండా వెళ్లిపొమ్మని భటులచేత కబురు చేశారు. పౌలు కదలలేదు. మేము రోమా పౌరులం, మమ్మల్ని నలుగురిలో కొట్టించి ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్లాలి అన్న అర్థం వచ్చేలా చెప్పి పంపాడు. అధికారులు భయపడి స్వయంగా వచ్చారు, బతిమాలి బయటికి తెచ్చారు. ఆ రాత్రి పాడిన మనిషీ, ఆ ఉదయం కదలనన్న మనిషీ ఒక్కడే.